బాలింతకు ముందు పరీక్ష, ఆ తర్వాతే పథ్యం

సంపాదకులకు నమస్కారం.

పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయిల ఇళ్లలో కొంతకాలంగా ఒక కొత్త పథ్యం మొదలైంది. గుంటూరులో మా చుట్టుపక్కలా, విజయవాడలో మా బంధువుల ఇళ్లలోనూ ఇదే చూస్తున్నాను. పూర్వం బాలింతకు వంకాయ వద్దు, గోంగూర వద్దు, పెరుగు చలవ చేస్తుంది అనేవారు. ఇప్పుడు వాటిలో ఒక్కటీ సడలించకుండానే గోధుమ వద్దు, పాలు వద్దు అన్నవి కూడా వచ్చి చేరాయి. బిడ్డ రాత్రి నిద్రపోకపోయినా, కడుపు ఉబ్బరించినా, ఒళ్లు పేలినా ఆ తప్పు తల్లి తిన్న చపాతీదేనని తీర్మానిస్తున్నారు. మనం చేస్తున్నది పూర్తిగా తలకిందుల పని అని నా అభిప్రాయం. మానవలసిన అవసరమే లేని తల్లుల చేత ఏ పరీక్షా చేయించకుండా గోధుమ మాన్పిస్తున్నాం. నిజంగా మానవలసిన తల్లికి మాత్రం "ఒక్క ముద్దకు ఏమవుతుందిలే" అంటూ వడ్డిస్తున్నాం. మా అమ్మాయికి పెళ్లికి ముందే సీలియాక్ వ్యాధి ఉన్నట్టు తేలింది కనుక, ఆమె పురిటికి వచ్చి మా దగ్గర ఉన్నన్నాళ్లూ ఈ రెండు ధోరణులనూ దగ్గరనుంచి చూశాను.

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ఒక మాంసకృత్తును గ్లూటెన్ అంటారు. సీలియాక్ ఉన్నవారు దానిని తిన్నప్పుడు, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టక ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం, డి విటమిన్ తగ్గిపోతాయి. గోధుమ ఎలర్జీ వేరు, చపాతీ తింటే కడుపు బరువుగా ఉండటం వేరు, ఇది వేరు. ఉత్తరాదిన సుమారు వందమందిలో ఒకరికి ఉన్న ఈ వ్యాధి దక్షిణాదిన వెయ్యిమందిలో ఒకరికి మాత్రమే ఉన్నట్టు 2016లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. అరుదైనది కావడంవల్లనే కాబోలు, ప్రసవమై నెలలు గడిచినా రక్తహీనత తగ్గకపోయినా, విరేచనాలు కట్టకపోయినా మనవైపు దానిని బాలింత నీరసం కింద జమకట్టేస్తారు.

అనుమానం ఉన్నప్పుడు చేయవలసిన మొదటి పని గోధుమ మానడం కాదు, టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేయించుకోవడం. అందులో తేడా కనిపిస్తే ఎండోస్కోపీలో చిన్నపేగునుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఈ పరీక్షలు గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే సరైన ఫలితం వస్తుంది. కొన్ని నెలలు మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టే చూపించవచ్చు. అప్పుడు నిజం తేలాలంటే మళ్లీ కొన్ని వారాలు గోధుమ తినవలసి వస్తుంది. చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లికి అది ఎంత యాతనో వేరే చెప్పనక్కరలేదు. వీడియో చూసి రొట్టె మానేసిన తల్లి తనకు తెలియకుండానే ఈ దారి మూసేసుకుంటోంది.

ఇక బిడ్డ సంగతి. తల్లి తిన్న గోధుమలోని గ్లూటెన్ ఆనవాళ్లు చాలా కొద్దిగా పాలలోకి వస్తాయన్నది నిజమే కాని, దానికోసం ఆరోగ్యంగా ఉన్న తల్లి గోధుమ మానవలసిన పని లేదు. తల్లికి సీలియాక్ ఉన్నా అది పాలద్వారా బిడ్డకు రాదు. ఆమె నిశ్చింతగా పాలివ్వవచ్చు. వంశంలో ఉన్న జబ్బు కనుక బిడ్డకు రాగల అవకాశం ఇతరులకన్నా ఎక్కువే. అయితే దాని పరీక్ష బిడ్డ గోధుమ తినడం మొదలుపెట్టిన తర్వాతి మాట. పసివాళ్ల ఏడుపు మామూలుగానే ఆరో వారం దాకా పెరిగి, మూడు నాలుగు నెలలకు తగ్గుముఖం పడుతుంది. ఈలోగా తల్లి ఏది మానేస్తే దానికే ఆ ఖ్యాతి దక్కుతుంది! బిడ్డ విరేచనంలో రక్తపు చారలు కనిపిస్తే మాత్రం పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లి తీరాలి. అలాంటప్పుడు ఎక్కువగా అనుమానించేది గోధుమను కాదు, ఆవుపాలు, గేదెపాలలోని మాంసకృత్తును. డాక్టరు చెబితే తల్లి రెండునుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు మాని చూసి, తిరిగి మొదలుపెట్టి, లక్షణాలు మళ్లీ వస్తున్నాయో లేదో గమనించాలి. మన ఇళ్లలో మానడం ఉంది కాని, తిరిగి మొదలుపెట్టడమే లేదు. తల్లి పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరకూ ఆమె తాగే గ్లాసుడు పాలకూ సంబంధం లేదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

నిజంగా సీలియాక్ ఉన్న తల్లి విషయంలో అవస్థ మరొక విధంగా ఉంటుంది. వరి అన్నం తినే ఊళ్లో గోధుమ మానడం ఎంతపని అనిపిస్తుంది. కాని తాలింపులో వేసే ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే మైదా కనిపిస్తుంది. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి అదే ఆధారం. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది. కిరాణా కొట్లో రెండు బస్తాలూ పక్కపక్కనే ఉంటాయి, రెండింటినీ తోడే డబ్బా ఒకటే. మేము రాగులు పట్టించడానికి వెళ్లిన మరలో మా ముందు ఎవరో గోధుమలు పట్టించుకున్నారు. మా రాగుల పిండి మొదట కాసేపు తెల్లగా రాలి, ఆ తర్వాతగాని దాని అసలు రంగులోకి రాలేదు. ఆరోజునుంచి రాగులు, జొన్నలు ఇంట్లోనే మిక్సీలో వేసుకున్నాం, జల్లెడ కూడా విడిగా పెట్టుకున్నాం. బాలింతకు బలమని చుట్టాలు తెచ్చే మాల్టు పొడుల్లో చాలావాటిలో బార్లీ, గోధుమ ఉంటాయి. ఆస్పత్రిలో చూడటానికి వచ్చేవారి చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు ఉండనే ఉంటుంది. వీటన్నిటికంటే కష్టమైనది బారసాలనాడు చేసిన సత్యనారాయణ వ్రత ప్రసాదం. "ప్రసాదం కాదంటావా అమ్మా?" అని పెద్దావిడ ఒకరు అడిగితే, పిల్ల దానిని కళ్లకద్దుకుని పక్కన పెట్టడానికి పడిన ఇబ్బంది నాకు తెలుసు. సీలియాక్ ఉన్నవారికి చిటికెడు కూడా ఎక్కువేనని, చిటికెడు తిన్న సాయంత్రానికి ఏమీ కనిపించకపోయినా లోపల పేగు దెబ్బతింటూనే ఉంటుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

పాలిచ్చే తల్లి తిండి తగ్గవలసిన కాలం కాదిది. మొదటి ఆరు నెలల్లో ఆమెకు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని, 1,200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాలు చెబుతున్నాయి. గోధుమ ఒక్కటే అయితే మన ఆంధ్ర భోజనంలో పూడ్చుకోవడం తేలిక: 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. సున్నుండలు, పెసరట్టు, జొన్నరొట్టె, గుడ్డు, చేప ఎటూ ఉన్నాయి. దీనికి తోడు పాలు కూడా మానేసి, పాత పథ్యంతో పెరుగు, పండ్లు, ఆకుకూరలు కూడా ఆపేస్తే కారప్పొడి అన్నంతో ఆ తల్లి ఎలా కోలుకోవాలి? చికిత్స మొదలవని సీలియాక్‌లో పేగు పొర దెబ్బతిని కొంతకాలం పాలు అరగకపోవడం ఉంది. గోధుమ మానాక పేగు కోలుకుంటే చాలామందికి అది సర్దుకుంటుంది. అలాంటప్పుడు కూడా పాలు జీవితాంతం మానవలసిన పని ఉండకపోవచ్చు.

ఈ లేఖద్వారా కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రసవమై ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రులు ఇచ్చే కాగితంలో "వైద్యుల సలహా లేకుండా ఏ ఆహారమూ మానవద్దు" అన్న ఒక్క వాక్యం తెలుగులో చేర్చవచ్చు. తగ్గని రక్తహీనతతో వచ్చే బాలింతలకు ఇనుము మాత్రలు మార్చి మార్చి రాసేముందు టీటీజీ పరీక్ష సంగతి కూడా వైద్యులు ఆలోచించాలి. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్న ఆహార భద్రతా సంస్థ నిబంధన "గ్లూటెన్ రహితం" అని రాసుకున్న ప్యాకెట్లకే వర్తిస్తుంది. మనవారు ఎక్కువగా వాడే విడి రాగిపిండికి, జొన్నపిండికి ఏ పూచీ లేదు. అందుచేత అంగన్‌వాడీల్లో తల్లులకు ఇచ్చే రాగిపిండి పొట్లం మీదనైనా, అది గోధుమలు పట్టే యంత్రంలో పట్టిందో కాదో ముద్రించవలసిందిగా స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారులను మీ పత్రికద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.