జాఫ్నా శాంతికి మీరిచ్చిన యోగ్యతాపత్రం

సంపాదకుల వారికి,

గత వారం మీ అంతర్జాతీయ పుటలో శ్రీలంక ఉత్తర ప్రాంతంపై వచ్చిన వ్యాసం చదివి, ఊరుకుందామనుకుని ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. కొత్త రోడ్లు, రైలు, పర్యాటకుల రద్దీ చూపించి, అంతర్యుద్ధం నుంచి బయటపడిన దేశాలకు శ్రీలంకే ఆదర్శమని మీ వ్యాసకర్త తేల్చేశారు. రైల్వేలో పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక, 1990లో ఆగిపోయిన కొలంబో-జాఫ్నా యాళ్ దేవి రైలు మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ వేసిన పట్టాల మీద 2014 అక్టోబరులో మళ్లీ జాఫ్నా చేరిందంటే నాకూ గర్వమే. కాకపోతే ఆ రైలెక్కిన మీ వ్యాసకర్త దారిలో కిళినొచ్చిలో దిగినట్టు లేదు. యుద్ధం ముగిసిన 2009 మే నెలలో సైన్యానికి తమ చేతులతో అప్పగించిన పిల్లలు ఏమయ్యారో చెప్పమంటూ, తల్లులు ఫొటోలు పట్టుకుని అక్కడ 2017 ఫిబ్రవరిలో నిరసనకు కూర్చున్నారు. వారిలో ఎందరో జవాబు వినకుండానే కన్నుమూశారు.

జాఫ్నా శివారులోని చెమ్మణిలో శవాలు పూడ్చిపెట్టారని ఒక సైనికుడు 1998లోనే కోర్టులో చెప్పాడు. మరుసటి ఏడాది 15 మృతదేహాలు తీసి చేతులు దులుపుకున్నారు. 2025లో శ్మశానంలో కట్టడం పనికి తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి, ఆ తవ్వకాల్లో రెండు వందలకు పైగా అస్థిపంజరాలు తేలాయి. ఒక పసిబిడ్డ ఎముకల పక్కన నీలం రంగు బడి సంచీ ఉంది. ఈలోగా 2010లో సయోధ్య కమిషన్ వేశారు, 2016లో గల్లంతైన వారి కోసం కార్యాలయం పెడుతూ చట్టం చేశారు, ఆ కార్యాలయానికి సభ్యులను వేయడానికి 2018 దాకా ఆగారు. కమిషన్ వేసి నివేదికను బీరువాలో పెట్టే విద్య మన ప్రభుత్వాలకూ కొత్త కాదు లెండి.

ప్రత్యేక దేశం కోసం ప్రభుత్వంతో యుద్ధం చేసిన తమిళ పులులను (ఎల్టీటీఈ) వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. పసివాళ్ల చేతికి తుపాకులిచ్చినవారూ, 1990లో ఉత్తరాది ముస్లింలను కట్టుబట్టలతో ఇళ్ల నుంచి వెళ్లగొట్టినవారూ వారే. కానీ వారు పోయాక కూడా, 1979లో మూడేళ్లకని తెచ్చి 1982లో శాశ్వతం చేసిన ఉగ్రవాద నిరోధక చట్టం కింద అరెస్టులు సాగాయంటే, ఆ భద్రత ఎవరి కోసమో మీ వ్యాసకర్త ఒక్క వాక్యంలోనైనా అడగవలసింది.

అన్నిటికన్నా నాకు కష్టం తోచింది మన వాటా గురించి మీరు మౌనం వహించడం. శ్రీలంకతో 1987 ఒప్పందం మీద సంతకం చేసింది మనం, దాని అమలుకు వెళ్లి సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నదీ మనం. ఆ ఒప్పందం నుంచి పుట్టిన, రాష్ట్రాలకు అధికారాలు పంచే శ్రీలంక రాజ్యాంగ 13వ సవరణ ప్రకారం ఏర్పడవలసిన ఉత్తర రాష్ట్ర మండలికి మొదటిసారి ఓటు వేయడానికి ప్రజలు 2013 దాకా ఆగవలసి వచ్చింది. 2018 అక్టోబరులో దాని గడువు తీరాక పాలన గవర్నరు చేతికి పోయింది. భూమి, పోలీసు అధికారాల మాట ఎత్తితే కొలంబోకు చెవుడు వస్తుంది. ఢిల్లీ మాత్రం ఉమ్మడి ప్రకటనల్లో ఆ సవరణను స్మరించి, ఫొటో దిగి పంపేస్తుంది.

ఈ వ్యాసకర్త చేతనే రెండో భాగం కూడా రాయించండి. ‘ఆదర్శం’ అన్న శీర్షికను మాత్రం ఆ ఉత్తర రాష్ట్ర మండలికి మళ్లీ ఎన్నికలు జరిగే రోజుకు దాచి ఉంచండి.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
గుంతకల్లు