ఆవకాయ కనబడలేదన్న మాట నిజమే, మా వెబ్‌సైట్ ముందు పేజీ మార్చాం

మా దగ్గర పచ్చళ్ళు కొనే అందరికీ నమస్కారం.

రెండేళ్ళ కిందట వెబ్‌సైట్ పెట్టినప్పుడు దాని ముందు పేజీ చూసి మేమంతా మురిసిపోయాం. తెరవగానే గోదావరి మీద సూర్యోదయం, రాజమండ్రి పాత వంతెన, వాటి మీద పెద్ద అక్షరాలతో "అమ్మమ్మ చేతి కమ్మదనం" అని రాసి ఉండేది. మూడు సెకన్లకోసారి బొమ్మ మారేది. పచ్చళ్ళు మాత్రం నాలుగుసార్లు కిందికి జరిపితే గానీ కనబడేవి కావు.

ఈ వేసవిలో హైదరాబాద్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, ఇంతకీ మీ దగ్గర ఆవకాయ ఉందా లేదా? ఫోన్లో గోదావరి కనబడుతోంది గానీ ఆవకాయ కనబడటం లేదు" అన్నారు. అప్పటికి మా వంటింట్లో కొత్త ఆవకాయ మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలి సిద్ధంగా ఉంది. కొనేవారున్నారు, సరుకూ ఉంది. రెండింటి మధ్యా అడ్డం నిలబడింది మా పేజీయే. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

సాయంత్రం మా వీధిలో ఉండే పిన్నిగారి చేతికి ఫోన్ ఇచ్చి, "ఇందులో పావుకిలో గోంగూర ఆర్డర్ పెట్టండి పిన్నిగారూ" అని పక్కన కూర్చున్నాను. మధ్యలో నోరు విప్పకూడదని ముందే అనుకున్నాను. పేజీ తెరుచుకునే లోపు ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆఫర్ల కోసం ఈమెయిల్ ఇమ్మంటూ ఒక డబ్బా వచ్చి తెరంతా కప్పేసింది. దాన్ని మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత ఉంది, మూడుసార్లు నొక్కినా వేలికి దొరకలేదు. ఎలాగో మూశాక, కదిలే బొమ్మల్లో గోంగూర సీసా వచ్చింది. ఆవిడ వేలు పెట్టేసరికి అది పక్కకి జరిగిపోయి కాకరకాయ వచ్చింది. ఇక దాన్ని ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే, "అలా కదిలేవి అడ్వర్టైజ్‌మెంట్లు కదమ్మా, మనకెందుకని వదిలేశా" అన్నారు.

కొట్టుకి వచ్చినవాళ్ళు గడపలో నిలబడి ఏం అడుగుతారో మాకు తెలుసు. ఏమేం ఉన్నాయి, కిలో ఎంత, ఎప్పుడు పట్టింది, మా ఊరికి ఎన్నాళ్ళలో వస్తుంది. ఇప్పుడు పేజీ తెరవగానే, కిందికి జరపక్కర్లేకుండా ఈ నాలుగింటికీ జవాబు ఉంటుంది. కదిలే బొమ్మలు తీసేశాం. ఈమెయిల్ డబ్బా తీసేశాం. ఫోన్ నంబరు పైనే ఉంటుంది, వేలు పెడితే నేరుగా మాకు కాల్ వస్తుంది.

ఫొటో సంగతి కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ పైన మెరిసిన ఆ ఎర్రటి ఆవకాయ మాది కాదు. నెట్‌లో కొన్న ఫొటో. మీరు దాన్ని చూసి మా సీసా తెప్పించుకున్నారు, అది మా తప్పు. ఇప్పుడున్నది మా అత్తయ్య పెట్టినది. వంటింటి కిటికీ దగ్గర పొద్దుటి వెలుతురులో, స్టీలు పళ్ళెంలో పెట్టి తీశాం, రంగు దిద్దలేదు. ముక్కకి టెంక కనబడుతుంది, నూనె కనబడుతుంది. పాత పేజీలో ఒక్కో ఫొటో 4 ఎంబీ ఉండేది, అలాంటివి ఐదు. ఇప్పుడు పైన ఒక్కటే, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లో 150 కేబీ. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ చెబుతుంది. పిన్నిగారి ఫోన్లో ఇప్పుడు దాదాపు అంతలోనే వస్తోంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది తెలుగు అక్షరాలు. పాత డిజైన్‌లో లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయేలా పెట్టారు. ఇంగ్లీషు అక్షరానికి కింద వత్తు ఉండదు. మనకి "పచ్చడి" రాస్తే చ వత్తు, "ఉప్పు" రాస్తే ప వత్తు కిందికి దిగుతాయి. అవి కింది లైన్‌లోని గుడుల మీద పడి కలిసిపోయేవి. బటన్ల మీదైతే అడుగు తెగిపోయి "అల్లం" కాస్తా "అలం" అయ్యేది. మన పచ్చడి పేరే సరిగ్గా రాసుకోలేకపోతే ఇంకేం అమ్ముతాం? లైన్ల ఎడం పెంచాం, అక్షరాల సైజు పెంచాం. పేర్లు ఫొటోలో భాగంగా కాకుండా విడి అక్షరాలుగా రాశాం. ఫొటోలో ఉన్న పేరుని, తెర మీది అక్షరాలు పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ చదవలేదని, చూపు లేని మా కస్టమర్ ఒకరు చెప్పేదాకా మాకు తెలియనే తెలియదు.

ఇక క్షమాపణ చెప్పుకోవాల్సిన విషయం. "ఇంకా 3 సీసాలే ఉన్నాయి" అని ఎర్రగా కనబడేది కదా, ఎప్పుడు చూసినా 3 అనే ఉండేది. లోపల సీసాలు వరసగా ఉన్నా అంతే. కౌంట్‌డౌన్ గడియారం కూడా అలాంటిదే, సున్నాకి వచ్చాక మళ్ళీ మొదలయ్యేది. సైట్‌తో పాటు వచ్చిన ఏర్పాటు అది, మేం వద్దనలేదు. కొరియర్ ఛార్జీ ఆఖర్న కలిపేవాళ్ళం, గిఫ్ట్ ప్యాకింగ్‌కి ముందే టిక్ పెట్టి ఉండేది. 2023 నవంబరులో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని మోసపుచ్చే 13 రకాల పద్ధతులను నిషేధించింది. లేని తొందర పుట్టించడం, చెప్పకుండా వస్తువులు కలపడం, ధర ఆఖర్న పెంచడం ఆ జాబితాలో ఉన్నాయి. చదువుతుంటే మా పేజీనే చూసి రాసినట్టు అనిపించింది. అన్నీ తీసేశాం. కొరియర్ ఛార్జీ ఇప్పుడు ధర పక్కనే ఉంటుంది. గిఫ్ట్ ప్యాకింగ్ అడగకుండానే డబ్బు కట్టినవాళ్ళు ఆర్డర్ నంబరు చెప్పండి, తిరిగి పంపుతాం.

ఫుడ్ లైసెన్స్ 14 అంకెల నంబరు కూడా ఇదివరకు అడుగున లేత బూడిద రంగులో ఉండేది, ఇప్పుడు చదవడానికి వీలుగా ఉంది.

పూర్తికాని పనులు ఇంకా ఉన్నాయి. మాగాయకి, పండుమిర్చికి సొంత ఫొటోలు తీయాలి. అంతదాకా అక్కడ పేరు, ధర, పట్టిన తేదీ మాత్రమే ఉంటాయి. పాత ఫోన్లలో వత్తులు ఎలా వస్తున్నాయో మేం అన్నిట్లో చూడలేకపోయాం. మీ ఫోన్లో ఎక్కడైనా అక్షరం తెగినట్టు కనబడితే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపండి, ఫోన్ మోడల్ కూడా రాయండి. హైదరాబాద్ మాస్టారి ఆవకాయ మొన్న సోమవారం వెళ్ళింది, ఈసారి ఆయనే స్వయంగా ఆర్డర్ పెట్టుకున్నారు.