టీ తాగి చెప్తా

ఒరేయ్ సీనూ,

తిట్టు. ముందు కడుపునిండా తిట్టేసుకో, తర్వాత చదువు. నీ రెండు మెయిళ్ళకీ జవాబు బాకీ. నీ గృహప్రవేశానికి రాలేదు, ఎందుకు రాలేదో ఫోన్ చేసి చెప్పనూ లేదు. కారణం ఉంది, ఆ కారణమే ఈ ఉత్తరం. ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను గానీ నువ్వు మధ్యలో పగలబడి నవ్వి అసలు సంగతి దాకా రానివ్వవు. పాలకొల్లు సూట్‌కేసు కథ అలాగే పాడు చేశావు. అందుకని రాస్తున్నా. కదలకుండా చదువు.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే, చిన్నది ఎల్‌కేజీలో చేరింది, ఇంటద్దె మళ్ళీ పెంచారు. వార్తలు సమాప్తం.

నేను ఎంబీఏకి అప్లై చేశానురా. ఉద్యోగం మానకుండా, పార్ట్ టైమ్. నీకు చెప్పకుండా చేశానని మూతి ముడుచుకోకు. నీతో పని లేకుండా ఏమీ జరగలేదు. నీ మాట ఒకటి దొంగిలించాను. అది ఇప్పుడు మా ఆఫీసంతా తిరుగుతోంది, నీ పేరు లేకుండా. ఆగు, వరసలో చెబుతా.

ముప్పై మూడేళ్ళకి ఈ పిచ్చి ఎందుకంటావా? పోయినేడు ఒక మీటింగ్ జరిగింది. విజయవాడ డిపో ఎత్తేయాలా, ఉంచాలా అని. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక మందుల కంపెనీలకి రాష్ట్రానికో గోడౌన్ ఉండాల్సిన అవసరం తగ్గిపోయింది కదా. అంతకుముందు రాష్ట్రం దాటించి అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది, అది తప్పించుకోవడానికే ప్రతిచోటా ఒక డిపో. మా వాళ్ళు ఇన్నాళ్ళకి మేలుకున్నారు. ఆ గదిలో విజయవాడ రోడ్డు సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏ డ్రైవర్ ఎక్కడ అన్నానికి ఆగుతాడో, వానాకాలంలో ఎంత ఆలస్యమవుతుందో, ఏ ఆస్పత్రికి రాత్రి ఇన్సులిన్ అందకపోతే పొద్దున్న ఎవరు ఫోన్ చేసి అరుస్తారో అన్నీ తెలుసు. కానీ వాళ్ళు మాట్లాడింది వర్కింగ్ క్యాపిటల్, ఇన్వెంటరీ డేస్. తెర మీద అంకెలు పరుగెడుతున్నాయి, నేను సినిమా హాల్లో సగం కథయ్యాక వచ్చినవాడిలా కూర్చున్నాను. చివర్లో ఒకాయన నావైపు తిరిగి "మీకు ఓకేనా?" అన్నాడు.

"సరే సార్" అన్నాను.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఎనిమిదేళ్ళు డిస్పాచ్‌లో చేసి... పోనీలే, అది వేరే రోజు.

ఏ కోర్సు అనేది ఒక నెల తిన్నది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాద్దామా అంటే, 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పుకి మార్కులు కోయరు, నాలాంటివాడికి పండగే. కానీ దాంతో వచ్చే సీట్లు ఎక్కువగా పగటిపూట కాలేజీలవి. నాన్నేమో అంబేద్కర్ సార్వత్రికంలో చెయ్యమన్నాడు. నీకు తెలుసుగా, ఆయన బీఏ అక్కడిదే. "1982లో పెట్టారు, దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ" అని ఇప్పటికీ తనే కట్టించినట్టు చెబుతాడు. నాకేమో ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగే మనుషులు కావాలి. ఇంట్లో పుస్తకం తెరిస్తే నిద్రొస్తుంది. గచ్చిబౌలిలో ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్ వాళ్ళు ఉద్యోగాలు చేసేవాళ్ళకి శని, ఆదివారాల్లో నడిపే కోర్సు కూడా చూశాను. ఫీజు దాకా వచ్చాక ల్యాప్‌టాప్ మూసి, వెళ్ళి గిన్నెలు తోమాను. చివరికి మనకి అందే దూరంలో ఇంకొకటి దొరికింది. పేరు చెప్పను, సీటు సంగతి తేలేదాకా చెబితే దిష్టి.

వాళ్ళు ప్రవేశ పరీక్షల్లో క్యాట్ స్కోరైనా తీసుకుంటారు, జీమ్యాట్ స్కోరైనా తీసుకుంటారు. క్యాట్ ఏడాదికొక్కసారి, నవంబరులో. ఆ స్కోరు ఆ ఏటికే. జీమ్యాట్ మనం అనుకున్నప్పుడు రాసుకోవచ్చు, స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది. ఈ ఏడు ధైర్యం చాలకపోతే పైయేడు పనికొస్తుందని అదే రాశా. మూడు భాగాలు, ఒక్కోటీ 45 నిమిషాలు. జామెట్రీ తీసేశారురా! నువ్వు నా చెవి మెలేసి నేర్పిన సెంటెన్స్ కరెక్షన్, అదే ఇంగ్లీషు వాక్యాలు దిద్దడం, అది కూడా తీసేశారు. నీ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు. పొద్దున్న నాలుగున్నరకి లేచి వంటింట్లో కూర్చునేవాణ్ణి, పాలు పొంగడం రెండుసార్లు నా పుణ్యమే. 595 వచ్చింది. గొప్పగా లేదు, సిగ్గుపడేటట్టూ లేదు. రెండో ఇడ్లీ లాంటి స్కోరు. నీకు అర్థమైతే చాలు.

ఇప్పుడు అసలు కథ. టీ తెచ్చుకో.

అప్లికేషన్‌లో మన పై అధికారి సిఫార్సు కావాలన్నారు. లింకు నేరుగా సార్ మెయిలుకే వెళ్తుంది, ఆయన నింపి పంపింది నాకు కనిపించదు. వారం ఎదురు చూశాను. ఎనిమిదో రోజు సార్ పిలిచి, "ఏమయ్యా, ఇదేదో పరీక్ష పేపర్‌లా ఉంది, నాకు టైమ్ ఎక్కడ? నువ్వే రాసి పంపు, నేను చూసి ఎక్కిస్తా" అన్నాడు. నేనేమన్నానో నువ్వే ఊహించుకో.

సరే అన్నాను.

తప్పే. ఆ తప్పు నాకు తెలుసు, నువ్వు మళ్ళీ రాయక్కర్లేదు. కానీ రాత్రి పన్నెండింటికి నా గురించి నేనే "ఇతను" అని రాసుకోవడం ఎంత నరకమో రాస్తే గానీ తెలియదు. తోటివాళ్ళతో పోలిస్తే పై 5 శాతంలో ఉంటాడా, 10 శాతంలోనా అని టిక్కు పెట్టాలి. 5 పెట్టాను. సిగ్గేసి 10 చేశాను. మా ఆవిడ వెనకనించి చూసి మళ్ళీ 5 పెట్టించింది. ఇదంతా ఒక ఎత్తు. ఆఖరి ప్రశ్న ఇంకో ఎత్తు: మీరు ఇతనికి ఇచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి, దాన్ని ఎలా తీసుకున్నాడు?

మా సార్ నాకు ఎనిమిదేళ్ళలో ఇచ్చిన సలహా ఒక్కటే, గోడౌన్ వెనక బండి పెట్టొద్దు, కాకులు పాడు చేస్తాయని. అది రాస్తే సీటిస్తారా?

ఒంటిగంట దాకా కూర్చున్నాను. అప్పుడు నారాయణగూడ ఇరానీ హోటల్ గుర్తొచ్చింది. ఆ మహానుభావుడి బైకు లోనుకి నేను జామీను సంతకం పెడతానని ఒప్పుకున్న రోజు. నువ్వు బిస్కట్ టీలో ముంచి, అది విరిగి లోపల పడిపోయిన కోపం కూడా నామీదే చూపిస్తూ ఏమన్నావు? "ఎవడేమడిగినా నీ నోట్లోంచి ముందు సరే రాలిపడుతుంది. ఇకమీదట టీ తాగి చెప్తా అను. టీ అయ్యేలోపు వాడైనా మర్చిపోతాడు, నీకైనా బుద్ధొస్తుంది."

అదే ఇంగ్లీషులోకి దించి, కొంచెం ఇస్త్రీ చేసి, సార్ నోట్లో పెట్టేశాను. "ఏ మాటైనా ఇచ్చే ముందు ఒక టీ తాగేంతసేపు ఆగమని ఒక సందర్భంలో ఇతనికి చెప్పాను" అని. ఏ సందర్భమో రాయలేదు. అబద్ధం చిన్నదిగా ఉంటే మంచిదనుకున్నాను.

రెండు రోజులయ్యాక సార్ పిలిచాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితం దూరంగా పట్టుకుని చదువుతున్నాడు. "ఈ టీ సంగతి నేనెప్పుడు చెప్పానయ్యా?" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. నోరు తెరిచేలోపే ఆయనే కిటికీవైపు చూసి, "ఆఁ... ఆఁ... గుర్తొచ్చింది, గుర్తొచ్చింది" అన్నాడు. ఒట్టు. నీ మీద ఒట్టు. ఏం గుర్తొచ్చిందో చెప్పలేదు. "నేను కాస్త సరిచేసి పంపుతాలే, నువ్వెళ్ళు" అన్నాడు.

ఆ తర్వాతి సోమవారం మీటింగ్‌లో ఎవరో రేటు తగ్గించమంటే అందరిముందూ, "నేనెప్పుడూ చెబుతా కదా, టీ తాగి చెప్పండని!" అన్నాడు. ఆ వారంలో మూడుసార్లు విన్నాను. అకౌంట్స్ వాళ్ళు ఇప్పుడు బిల్లు పాస్ చెయ్యమంటే కప్పు చూపిస్తున్నారు. సెక్యూరిటీ అతను కూడా గేటు తియ్యడానికి... సరేలే. నీకు రాయల్టీ రావాలిరా న్యాయంగా.

ఇంటర్వ్యూకి పిలిచారు. శనివారం, తొమ్మిదిన్నరకి. బాలానగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారాను. రైలు మారేచోట మెట్ల దగ్గర చొక్కా చెమటకి అంటుకుపోయింది, టై మా ఆవిడ కట్టిన ముడి ఊడదీస్తే మళ్ళీ నాకు రాదు. లోపల ముగ్గురు. ఇద్దరు సార్లు, మధ్యలో ఒక పెద్ద మేడమ్, జుట్టంతా తెలుపు, గొంతు మాత్రం మన లెక్కల టీచర్‌ది. ఎందుకీ కోర్సు అంటే విజయవాడ డిపో మీటింగ్ చెప్పాను, తెర మీద అంకెలు అర్థంకాలేదని కూడా చెప్పాను. ఒకాయన రాసుకున్నాడు. మంచికో చెడుకో.

అప్పుడు మేడమ్ కాగితం తీసి, "మీకు ఎవరేమడిగినా వెంటనే ఒప్పేసుకునే అలవాటట, టీ తాగి చెప్తా అనడం నేర్చుకున్నారట. బాగుంది. ఎక్కడిదీ మాట?" అన్నారు.

సీనూ, నేను ఏమీ ఆలోచించలేదు. "మా ఫ్రెండుదండీ" అనేశాను.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ కాగితం చూశారు, నన్ను చూశారు. "ఇక్కడ మీ మేనేజర్ గారు తనే చెప్పానని రాశారే? 2020 అక్టోబరులో, వానలో, గోడౌన్ గేటు దగ్గర, రాత్రి, ఫ్లాస్కులో టీ తాగుతూ?"

అది నేను రాయలేదురా! అది సార్ కలిపాడు. నాకేమో నోరెండిపోయింది, ఏదో ఒకటి చెప్పాలి. "ఇద్దరూ చెప్పారండీ" అన్నాను.

"ఇద్దరు చెప్పినా మీరు మారలేదన్నమాట" అన్నారు ఆవిడ. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవలేక.

కానీ అసలు నన్ను తన్నిన మాట అది కాదు. ఆ రాత్రి నిజం. 2020 అక్టోబరు 13, హైదరాబాద్ అంతా నీళ్ళలో మునిగిన రాత్రి. ఆ రోజు నేను ముగ్గురికి సరే అన్నాను, ఉన్నది ఒక్క వ్యాను. అది ఇన్సులిన్ పెట్టెలతో నీళ్ళలో ఆగిపోయింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, థర్మాకోల్ పెట్టెలో జెల్ ప్యాకులు ఎంతసేపని ఆపుతాయి? గేటు దగ్గర గొడుగు కూడా లేకుండా నిలబడి ఫోన్లు చేస్తున్నాను. పదకొండింటికి సార్ వచ్చాడు. నడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతిలో ఫ్లాస్కు. తిట్టలేదు. మూతలో టీ పోసి చేతికిచ్చాడు. తెల్లారేదాకా అక్కడే ఉన్నాడు. ఆ రాత్రి ఆయన ఏదైనా అన్నాడా? నాకు గుర్తు లేదు. వాన చప్పుడొకటే గుర్తుంది. అన్నాడేమో కూడా. నేను రాసింది అబద్ధమనుకున్నాను, ఆయనకది నిజంగానే గుర్తొచ్చిందేమో...

ఇదంతా ముగ్గురికీ చెప్పాను. టీ మూతలో పోసిచ్చాడన్న దగ్గర గొంతు కొంచెం పట్టేసింది. మేడమ్ ఇంకేమీ అడగలేదు. బయటికొచ్చి, సారీ రా, ఆ పూట నువ్వు కాదు, సారే గుర్తొచ్చాడు.

నిన్న మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఎవరో అమ్మాయి, "సార్, మీకు సీటు వచ్చింది, శుక్రవారం లోపు మొదటి విడత ఫీజు..." అంటుండగానే "సరేనండీ" అన్నాను. ఆ అమ్మాయి ఎంత కట్టాలో కూడా ఇంకా చెప్పలేదు. పక్కన మా ఆవిడ చూసిన చూపు నీకు పంపలేను. తర్వాత ఆవిడే అంది, చీటీ ఈ నెల పాడేద్దామని. పాటలో ఎంత పోతుందో లెక్కేస్తోంది. లోన్ మంచిదా, చీటీ మంచిదా, నువ్వు బ్యాంకువాడివి కదా, ఒక్కమాట రాయి. మీ బ్యాంకు కోసం చెప్పకు, నాకోసం చెప్పు.

ఇంకొకటి, ఇది నీకే చెబుతున్నా. క్లాసులు శనివారాలు. మాకు నెలాఖరు లోడ్లన్నీ శనివారాలే. సార్‌కి ఇంకా చెప్పలేదు. ఆయన వీకెండ్ అంటే ఆదివారం అనుకుంటున్నాడు. సోమవారం చెబుదామని రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ముందు టీ తెప్పించాడు, అది తాగుతూ వాళ్ళబ్బాయి పెళ్ళి సంబంధాల గురించి మొదలుపెట్టాడు, నేను

డ్రైవర్ ఫోన్. శామీర్‌పేట దగ్గర బండి ఆగిందట. మిగతాది రాత్రికి రాస్తా, గొడుగు సంగతి కూడా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.