ఫోన్ ఎత్తని మీ ఆఫీసుకి నాలుగో ఉత్తరం

మేనేజర్ గారికి,

మూడు మెయిళ్ళకీ జవాబు లేదు కాబట్టి ఇది ప్రింట్ తీసి, అమీర్‌పేటలో మీ ఆఫీసులోనే ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకుని వెళ్తున్నాను.

దసరాకి మీ అమెరికా ప్యాకేజీలో మా అమ్మని తీసుకెళ్ళాను. పామ్ స్ప్రింగ్స్‌లో కేబుల్ కార్‌కి మీరిచ్చిన వోచర్ మీద ముందు రోజు తేదీ వేశారు. చెల్లదన్నారు, నా డబ్బుతోనే టికెట్లు కొన్నాను. ఎడారిలో 2,643 అడుగుల ఎత్తులో ఎక్కితే పది నిమిషాల్లో 8,516 అడుగుల మీద దించింది. కాళ్ళ కింద కేబుల్ కార్ నేల మెల్లగా గుండ్రంగా తిరుగుతూ, టవర్ దాటినప్పుడల్లా ఊగుతుంటే అమ్మ నా మణికట్టు పట్టుకుని గోవిందా గోవిందా అంది. కింద చెమటతో తడిసిన మనిషి, పైన పైన్ చెట్ల మధ్య దిగగానే కొంగు చెవుల మీదికి లాక్కుంది. అంత సంతోషంగా ఆమెని చూసి చాలా ఏళ్ళయింది.

నా బాధ తిరిగొచ్చాక మొదలైంది. టికెట్ల డబ్బు అడిగితే, మొదటిసారి ఫోనెత్తిన అమ్మాయి రెండు రోజుల్లో వాపసు చేస్తాం మేడం అంది, చెయ్యలేదు. తర్వాతి అబ్బాయి మొత్తం మొదట్నుంచి చెప్పించుకుని హోల్డ్‌లో పెట్టాడు, ఇరవై రెండు నిమిషాలు పాట విన్నాక లైన్ కట్టయింది. మూడో ఆయన మీ బుకింగే మా దగ్గర లేదన్నాడు, మీ రసీదు నా చేతిలో ఉండగానే! వాట్సాప్‌లో వోచర్ ఫోటో పెడితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబుగా కశ్మీర్ ప్యాకేజీ పోస్టర్ వచ్చింది. కూకట్‌పల్లి నుంచి రెండుసార్లు మెట్రోలో వచ్చాను. సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. అద్దం అవతల టీ తాగుతూ నన్ను చూసి ముఖం తిప్పుకున్నది మీరే.

పామ్ స్ప్రింగ్స్ టికెట్ కౌంటర్లో అమ్మాయి మేమెవరో తెలియకపోయినా రెండు నిమిషాల్లో తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించింది. మీకు ఐదు వారాలు సరిపోలేదా?

కాశీ యాత్ర నుంచి మీ దగ్గరే బుక్ చేస్తున్నాం. మా కాలనీలో మూడు కుటుంబాలని నేనే పంపాను. వాళ్ళు అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది.

టికెట్ల డబ్బు ఎలాగూ ఇవ్వాలి, కానీ ముందు మా అమ్మకి ఫోన్ చేసి తప్పయిందని చెప్పండి. శనివారం దాకా చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, సోమవారం పొద్దున మీ ఆఫీసు తలుపు తీసేసరికి నేను అక్కడే ఉంటాను. ఈసారి అమ్మ కూడా వస్తుంది.