అడ్వాన్సు ఇచ్చేముందే కాలువ కనపడాలి

సంపాదకుల గారికి నమస్కారం.

2022 సెప్టెంబరు వానలకి బెంగళూరులో మా లేఅవుట్‌లో నడుము లోతు నీళ్లు వచ్చాయి, మా అత్తగారిని ట్రాక్టర్ ఎక్కించి మారతహళ్లిలో బంధువుల ఇంటికి పంపాం. నీళ్లు తీశాక పక్క ఊరి పెద్దాయన ఒకరు (బెళ్లందూరు, వర్తూరు వైపు తరతరాలుగా తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఉన్నాయి) మా పార్కు దగ్గర ఆగి, "ఇదే కదమ్మా కాలువ, పై చెరువు అలుగు పారితే నీళ్లన్నీ ఇటే వచ్చేవి" అన్నారు. ఆ రాత్రి భూముల సర్వే నంబర్లు పటం మీద చూపించే కర్ణాటక ప్రభుత్వ దిశాంక్ యాప్‌లో చూస్తే పాత గ్రామ పటంలో మా సర్వే నంబరు మీదుగానే ఆ కాలువ గీత ఉంది. మా లేఅవుట్ ప్లాన్‌లో లేదు. అయినా పర్మిషన్ వచ్చింది.

పెద్ద నది లేని ఈ ఊరిని గొలుసుకట్టు చెరువులే కాపాడాయి. బెళ్లందూరు నిండితే వర్తూరుకి, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి నీళ్లు పోతాయి, మధ్యలో ఒక్క రాజకాలువ (వాన నీళ్లు పారే పెద్ద కాలువ) పూడ్చినా ఆ నీళ్లు మన ఇళ్లలోకే. కట్టడాలకి చెరువు నుంచి 30 మీటర్లు వదలాలని 2015 మాస్టర్ ప్లాన్ అంటే, 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) దాన్ని 75 చేసింది, 2019లో సుప్రీంకోర్టు ఆ 75ని కొట్టేసింది. గట్టు ఎక్కడుందో, కాలువ ఎక్కడుందో అందరూ ఒప్పుకునే పటం లేనప్పుడు ఆ మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు?

అభివృద్ధి ఆపమని నేను అనడం లేదు, మేమూ ఉద్యోగం కోసమే వచ్చాం. ఇప్పుడు శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు వెంట హొసకోటె, దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర వైపు పొలాలు సైట్లవుతున్నాయి. అక్కడైనా పాత గ్రామ పటం, ఇస్రో ఉపగ్రహాలు ఇచ్చే ఎత్తుపల్లాల పటం, మాస్టర్ ప్లాన్ మూడూ ఒకదాని మీద ఒకటి పరిచి చూశాకే పర్మిషన్ ఇవ్వాలి. పల్లం పొలానికో పార్కుకో వదిలి, మిట్టన ఇళ్లు కట్టుకోవచ్చు. యాప్‌లో గీత కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి సర్వేయర్ వచ్చి రాయి పాతాల్సిందే. ఆ పటం ఆఫీసు బీరువాలో కాకుండా కొనేవాళ్ల ఫోన్‌లో కనపడాలి.

అనంతపురం, చిత్తూరు నుంచి ఇక్కడ సైటు కొనాలని వచ్చేవాళ్లకి నా మనవి ఒకటే: ముందు సర్వే నంబరు అడిగి యాప్‌లో కాలువ ఉందేమో చూడండి, నంబరు చెప్పకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి.

– ఒక పాఠకురాలు, బెంగళూరు