ఆరోగ్య శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: మా పాప అబద్ధం చెప్పలేదు

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

మా పాపకు వచ్చినలాంటి ఒక జబ్బును వైద్యులు, బడి సిబ్బంది గుర్తించేలా చూడమని మీకు మూడుసార్లు వినతిపత్రం పంపాను. జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

ఒక రాత్రి మా తొమ్మిదేళ్ల పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మా, నీ ముఖం గోరంత అయిపోయింది, గోడ దూరంగా వెళ్లిపోతోంది" అంటూ వణికిపోయింది. తన వేళ్లు మాత్రం ఉబ్బి లావైపోయినట్టు అనిపించాయట. కంటి పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు. కథలు అల్లుతోందన్నారు. బడిలో మందలించారు. చాలాకాలం ఆ మాట నేనూ నమ్మాను. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

దీన్ని టాడ్ సిండ్రోమ్ అంటారు. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ టాడ్ 1955లోనే దీన్ని వివరించారు. తేడా కంటిలో కాదు, చూసినదాని కొలతను, దూరాన్ని అంచనా వేసే మెదడులో. మైగ్రేన్, ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఇన్ఫెక్షన్, కొందరిలో మూర్ఛ దీనికి కారణం కావచ్చు. తరచూ నిమిషాల్లోనే తగ్గిపోతుంది. కానీ ఆ నిమిషాల్లోనే మెట్లు దిగుతున్న బిడ్డను, రోడ్డు దాటుతున్న బిడ్డను ఒక్కసారి తలచుకోండి.

పిల్లలను మొదట చూసే వైద్యులకు, పాఠశాల ఆరోగ్య సిబ్బందికి ఈ లక్షణాలపై శిక్షణ ఇప్పించండి. ఇలాంటి పిల్లలను మందలించి పంపేయకుండా న్యూరాలజిస్టు దగ్గరకు పంపాలని లిఖితపూర్వక ఆదేశాలు జారీ చేయండి. 30 రోజుల్లోగా మీ జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి