స్పీడ్ బ్రేకర్లకు ఒక కొలత ఉంది మంత్రిగారూ, దాన్ని అమలు చేయించండి

గౌరవనీయులైన తెలంగాణ రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. స్పోర్ట్స్ కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ల తరఫున రాస్తున్నాను. బ్రేకర్లు తీసేయమని అడగడం లేదు. బడి ముందు, ఊరి కూడలి దగ్గర అవి ఉండాల్సిందే. సరైన కొలతతో వేయించమనే మా విన్నపం.

ఆ కొలత కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1988లోనే ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు, పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధంతో గీసిన వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి ఇబ్బంది లేకుండా దాటాలని ఈ లెక్క. మన ఊళ్లలో జరిగేది వేరు. ప్రమాదం జరిగిన మర్నాడు మిగిలిన తారు మిక్స్ తెచ్చి, అడుగున్నర వెడల్పున గట్టులా పోసి వెళ్లిపోతారు. ఎత్తు ఎంతన్నది ఆ రోజు పార పట్టినవాడి ఇష్టం.

స్పోర్ట్స్ కారును కొలబద్దగా తీసుకుంటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పోర్షే 911 ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు. ఐఆర్‌సీ వంపు మీద కారు సరిగ్గా నడుమకు వచ్చేసరికి నాలుగు చక్రాలూ బ్రేకర్ మీదే ఉంటాయి. అప్పుడు చక్రాల మట్టం కంటే వంపు శిఖరం 4.4 సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువ. నేలకు 11, 12 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే కారు కూడా పొట్ట తగలకుండా దాటేస్తుంది. అదే అడుగున్నర గట్టయితే చక్రాలు దానికి అటూ ఇటూ నేల మీదే ఉంటాయి. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లుంటే ఆ పదిహేనూ కారు కింద ఖాళీ ఉండాల్సిందే. పోర్షే వాళ్లు ముక్కును 4 సెంటీమీటర్ల దాకా పైకి లేపే ఏర్పాటు ఇస్తారు, జీపీఎస్‌తో ఆ చోటు గుర్తుపెట్టుకుని దానంతటదే లేచే సదుపాయం కూడా ఉంది. అంత టెక్నాలజీ ఉన్నా గట్టు నడుమ పొట్ట కిందికి వచ్చేసరికి ముందు లేపిన ఎత్తు పూర్తిగా అక్కరకు రాదు.

ఖరీదైన కార్ల బాధ ప్రభుత్వానికెందుకని ఎవరైనా అడగొచ్చు. అయిదుగురు ఎక్కి డిక్కీ నిండిన మామూలు సెడాన్ కూడా అదే గట్టుకు ఇంజిన్ చాంబర్ తగిలించుకుంటుంది. చాంబర్ పగిలి ఆయిల్ కారిపోయాక నాలుగు కిలోమీటర్లు నడిపినా బేరింగులు పోతాయి. ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీ ఉండేదే ఫ్లోర్ కింద. ఆర్టీసీ బస్సు చివరి సీటు వెనక చక్రాలకు ఇంకా వెనక ఉంటుంది, అక్కడ కూర్చున్నవాళ్లు ఎగిరి నడుము విరిగేలా పడతారు. 108లో నడుము దెబ్బతిన్న మనిషి పడుకుని ఉంటే ఆ కుదుపు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

గట్టు చిన్నదైనా, నిటారుగా ఉంటే వేగం బాగా తగ్గుతుందని ఊళ్లో అందరూ నమ్ముతారు. అది నిజం కాదు. సన్నని గట్టు మీద వేగంగా వెళ్తే చక్రం ఎగిరినా బాడీ పైకి లేచేలోపే స్ప్రింగు ఆ దెబ్బను మింగేస్తుంది. అందుకే పెద్ద ఎస్‌యూవీలు అక్కడ బ్రేకు కూడా వేయవు. నిదానంగా పోయేవాడికే కుదుపు ఎక్కువ. ఐఆర్‌సీ వంపు సంగతి వేరు. 25 కిలోమీటర్ల వేగం దగ్గర వంపును వదలకుండా దాటడానికి బండికి కావలసిన త్వరణం గురుత్వాకర్షణలో మూడో వంతు కూడా ఉండదు. 47 దాటితే ఆ లెక్క గురుత్వాకర్షణను మించుతుంది, బండి నేలను వదలబోతుంది. వేగం పెరిగిన కొద్దీ శిక్ష పెరుగుతుంది, మనకు కావలసిందీ అదే.

వేయడం కష్టమేమీ కాదు. 3.7 మీటర్ల ప్లైవుడ్ టెంప్లేట్ ఒకటి కోయించండి. నడుమ 10 సెం.మీ., అక్కడి నుంచి అర మీటరు దూరంలో 9.3, మీటరు దగ్గర 7.1, మీటరున్నర దగ్గర 3.4, చివర సున్నా. రోలింగ్ అయ్యాక దాన్ని పెట్టి చూస్తే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. పాత తారు పైపొర గీకకుండా, ట్యాక్ కోట్ (పాత పొరకు కొత్తది అతుక్కునేలా కొట్టే పల్చని తారు) కొట్టకుండా పోస్తే లారీల బరువుకు బ్రేకర్ ముందుకు జారి ముద్దవుతుంది. కాల్వ వైపు ఖాళీ వదలకపోతే నీళ్లు నిలిచి తారు ఊడి, బ్రేకర్ పక్కనే గుంత పడుతుంది. బోల్టులతో బిగించే రబ్బరు బ్రేకర్లు మాత్రం పెద్ద రోడ్ల మీద వద్దు. ముక్కలు ఊడిపోయాక పైకి తేలిన బోల్టులు టైర్లను చీలుస్తున్నాయి. రంగు విషయంలో మామూలు పెయింటు చాలదు, రాత్రి లైట్లకు మెరిసేలా గాజు పూసలు కలిపిన థర్మోప్లాస్టిక్ (కరిగించి పూసే రంగు) ఉండాలి. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. చీకట్లో రంగు లేని బ్రేకర్ మీద ముందుగా పడేది బైకు మీద వెళ్లేవాడే.

కూడలి లేని చోట, ఊరి మధ్య పొడవాటి రోడ్డు మీద బ్రేకర్ల వరుసకు బదులు రెండు చివర్లా సగటు వేగం చూసే కెమెరాలు పెట్టించండి. 2 కిలోమీటర్లు 40 వేగంతో దాటడానికి 180 సెకన్లు పట్టాలి. 120 సెకన్లలో దాటినవాడు 60లో వెళ్లినట్టే. చలానా వాడికొక్కడికే పడుతుంది, అంబులెన్సుకు కుదుపు ఉండదు. ఊళ్ల మధ్య రేసులు పెట్టే మా కార్ల వాళ్లకే ముందుగా వేయండి, మాకు అభ్యంతరం లేదు. వేగం చూసుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ ఉంది.

చివరగా ఒక్క ఉత్తర్వు అడుగుతున్నాం. డివిజన్ ఇంజినీరు సంతకం లేకుండా రాష్ట్ర రహదారి మీద ఏ బ్రేకరూ వేయకూడదు. ఇప్పుడున్న వాటిని టెంప్లేట్‌తో కొలిపించి, సరిపోనివి వచ్చే వానాకాలం లోపు తీసి మళ్లీ వేయించండి. బడుల ముందున్న వాటితో మొదలుపెట్టండి.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక కార్ల అభిమాని